మా అన్న కొండ దింపిన బస్సు

ముందుగా ఇది రాయి అమ్మాయీ. మీ అవ్వకు దెయ్యాల మీద నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పెళ్లికి ముందు మా జొన్నచేను శ్మశానం పక్కనే ఉండేది. కంకులకు కావలి నేనే వెళ్లేదాన్ని. పిట్టలు తప్ప నన్ను ఎవరూ పలకరించిన పాపాన పోలేదు.

రెండో మాట కూడా రాయి. ఇప్పుడు చెప్పబోయేది మలుపమ్మ మహిమ అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇన్నేళ్లూ మండుతూనే ఉంది. ఉదయగిరిలో ఇంకా అలా చెప్పుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లెవరూ ఆ బస్సులో లేరు. నేను ఉన్నాను. ముందు సీటులో, డ్రైవరుకు మూరెడు దూరంలో కూర్చున్నాను. ఆ డ్రైవరు మా అన్న పెంచలయ్య.

అన్న యుద్ధం రోజుల్లో మిలిటరీ లారీ తోలాడు. యుద్ధం అయిపోయాక ఊరికి వచ్చి, ఒక ప్రైవేటు బస్సులో డ్రైవరుగా చేరాడు. బస్సు ఆత్మకూరులో తెల్లవారి బయలుదేరి, ఉదయగిరి మీదుగా పోయి, కొండ ఎక్కి అవతలి వైపు దిగేది. మర్నాడు అదే దారిలో తిరిగి వచ్చేది.

ఆ కొండదారి ఏడు మైళ్లు. ఒక పక్క రాతిగోడలా కొండ, ఇంకో పక్క లోయ. రెండు బండ్లు పక్కపక్కన పట్టవు. అందుకని పైన ఒక గేటు, కింద ఒక గేటు పెట్టారు. పైన బయలుదేరిన టైము ఒక చీటీ మీద రాసి ఇస్తారు. కింద గేటులో చేరిన టైము రాసుకుని, డ్రైవరు చేత సంతకం పెట్టించుకుంటారు. ఒక బండి దిగిందని తెలిశాకే ఇంకో బండిని వదులుతారు.

మన వైపు దిగేటప్పుడు సగం దారిలో ఒక పెద్ద మలుపు ఉంది. అక్కడ లోయ వైపు గట్టు మీద పసుపు పూసిన రాయి ఒకటి. అదే మలుపమ్మ. బండి ఏదైనా అక్కడ ఆగేది. జనం దిగి టెంకాయ కొట్టి, దండం పెట్టుకుని ఎక్కేవాళ్లు.

అన్న కూడా ఆపేవాడు. దండం పెట్టేవాడు కాదని కాదు, పెట్టేవాడు. కానీ అతని పని వేరే. రేడియేటరులో నీళ్లు పోయించేవాడు. చక్రాల దగ్గర కూర్చుని బ్రేకు డ్రమ్ముకు చెయ్యి దగ్గరగా పెట్టి వేడి చూసేవాడు. మొహం కడుక్కునేవాడు. డ్రమ్ము చల్లబడితేనే మళ్లీ సీటు ఎక్కేవాడు. ఆ పైన కింద గేటు దాకా రెండో గేరులోనే. గంటకు పదిహేను మైళ్లు దాటితే అతనికి గుండె ఒప్పేది కాదు.

ఆ పది నిమిషాలు అమ్మవారి కోసమని జనం అనుకున్నారు. బస్సు కోసమని అన్న అనుకున్నాడు. ఇద్దరికీ పేచీ లేదు. పేచీ పెట్టింది ఓనరు.

అదే దారిలో ఇంకొకాయన కొత్త బస్సు వేశాడు. ఎవరు ముందు చేరితే వాళ్లకే గిరాకీ. దాంతో మా అన్న ఓనరు కొండ దిగడానికి ఇరవై అయిదు నిమిషాలే అన్నాడు. మలుపు దగ్గర ఆగడం రద్దు చేశాడు. ఇద్దరు డ్రైవర్లను పెట్టి బస్సును రాత్రీ పగలూ తిప్పించాడు.

జనం అమ్మవారిని వదులుకుంటారా? పరుగెత్తే బస్సులో నుంచే టెంకాయలు విసరడం మొదలుపెట్టారు. మలుపు రాగానే బస్సంతా లేచి నిలబడేది. అందరూ లోయ వైపు కిటికీల మీదికి ఒరిగి, చేతులు బయటికి చాపేవాళ్లు. పైన టాపు నిండా మూటలు, లోపల నలభై మంది, అంతా ఒకే పక్కకు. ఆ క్షణాన స్టీరింగు తన చేతిలో ఉండదని అన్న ఇంటికొచ్చి చెప్పేవాడు.

"కూచోండ్రా! దండం పెట్టుకోబోయి అమ్మ కాడికే పొయ్యేట్టుండారు!" అని అరిచేవాడట. ఎవరు వింటారు?

అన్న, ఇంకో నలుగురు డ్రైవర్లు కలిసి అర్జీ పెట్టారు. జిల్లా నుంచి ఒక ఆఫీసరు వచ్చి ఉదయగిరి బంగళాలో అందరినీ పిలిచి విచారించాడు. అప్పుడు నేను పురిటికి పుట్టింట్లో ఉన్నాను. అన్నకు అన్నం క్యారియరు పట్టుకుపోయి, వరండాలో స్తంభం పక్కన నిలబడి అంతా విన్నాను.

"దొరా, కొండ దిగేటప్పుడు పదైదు మైళ్లకి మించి తోలకూడదని రూలు పెట్టండి," అన్నాడు అన్న. "మలుపు కాడ పది నిమిషాలు ఆపనీండి. ఒక డ్రైవరుకి దినానికి ఒక తూరే కొండ. మేం అడిగేది ఇంతే."

ఓనరు లేచాడు. "ఈయనకి కునుకు తియ్యాలని ఉంటే ఇంటికాడ తియ్యమనండి దొరా. నా బస్సులో ఎందుకు?"

అందరూ నవ్వారు. సంతకు తిరిగే బట్టల వ్యాపారి ఒకాయన ఇంకో మాట వేశాడు. "పెంచలయ్యా, నీ బస్సు కన్నా నా ఎద్దులే నయం గదయ్యా. దోవలో ఆగి టెంకాయ అడగవు."

"మీ ఎద్దులకి తెలివుండాది సామీ. లోయ కనపడితే అవే నిదానిస్తాయి," అన్నాడు అన్న.

మళ్లీ నవ్వారు. ఎవరి కోసం అడుగుతున్నాడో ఆ ప్రయాణికులే నవ్వారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ పళ్లు పటపటలాడతాయి.

ఆఫీసరు కాగితాలు తిరగేసి, "ఆ దారిలో బస్సు పడి ఇంతవరకు ఎవరైనా చచ్చిపోయారా?" అని అడిగాడు.

"లేదు దొరా."

"మరి రూలెందుకు?"

"ఎవురో ఒకరు చస్తేగాని పెట్టరా దొరా?" అన్నాడు అన్న.

ఆఫీసరు ఫైలు కట్టేశాడు. అంతటితో విచారణ అయిపోయింది.

ఆ తర్వాత నేను బిడ్డనెత్తుకుని కొండ అవతల మా అత్తగారి ఊరికి వెళ్లిపోయాను. బిడ్డకు ఎనిమిదో నెల వచ్చినప్పుడు మా అమ్మకు జ్వరమని కబురు వచ్చింది. అన్న బస్సు ఎక్కాను. మంచి ఎండాకాలం. కొండ మీది గేటుకు చేరేసరికి నడినెత్తిన పొద్దు.

అన్న దిగి బస్సు మెట్టు మీద కూర్చుని నీళ్లు తాగాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"ఏందన్నా అట్లుండావు?" అన్నాను.

"పడుకోని మూడు దినాలైంది రమణా. ఇంకో డ్రైవరు మానుకున్నాడు. పోనూ రానూ నేనే తోలతుండా. ఎడం చెయ్యి తిమ్మిరిగా ఉండాది."

"నావల్ల కాదని చెప్పరాదా?"

"చెప్తే ఇంకోడిని పెట్టుకుంటాడు. వాడు మలుపులో కూడా ఎగరగొడతాడు. ఇందులో నువ్వు, నీ బిడ్డ, ఇంతమంది జనం... పద, ఎక్కు."

నాతో అతను మాట్లాడిన చివరి మాట అదే. గేటు ఆయన చీటీ మీద టైము వేసి ఇచ్చాడు. ఇక్కడి నుంచి నేను చూసింది చూసినట్టు చెబుతాను. నువ్వు ఒక్క మాట చేర్చవద్దు.

గేటు దాటి పిలుపు దూరం పోయామో లేదో, అన్న గొంతులో ఎక్కిలి లాంటి చప్పుడు వచ్చింది. తల కొంచెం ముందుకు వాలింది. మళ్లీ నిలబడింది. "ఏందన్నా?" అన్నాను. పలకలేదు. బస్సు మాత్రం రోడ్డు మధ్యలో నిదానంగా పోతూనే ఉంది.

మామూలుగా అన్న కొండ దిగుతూ రోడ్డుతో మాట్లాడేవాడు. గుంతను తిట్టేవాడు, అడ్డం వచ్చిన మేకను తిట్టేవాడు. ఆ రోజు ఒక్క మాట లేదు. బస్సు రెండో గేరులో మూలుగుతూ దిగుతోంది. వెనక నుంచి ఎవరో అరిచారు. "ఏందయ్యా పెంచలయ్యా, నిద్రపోతుండావా? ఈ లెక్కన రేపటికి చేరతాం!"

మలుపు దగ్గర బస్సు ఆగింది. ఎప్పుడూ ఆగే చోటే, చక్రం గట్టు రాయి పక్కకు వచ్చేలా ఆగింది. ఇంజను కూడా ఆగింది. ఆగడం రద్దయి చాలా రోజులైంది కాబట్టి ముందు ఎవరూ కదల్లేదు. కండక్టరు మస్తాను వెనక తలుపు నుంచి దిగి తొంగి చూశాడు.

"అన్న ఆపినాడంటే ఏదో ఉండాదిలే," అన్నాడు. "దిగండి దిగండి, నిమ్మళంగా టెంకాయ కొట్టుకోండి."

అందరూ దిగారు. మస్తాను రేడియేటరులో నీళ్లు పోశాడు. కిటికీ దగ్గరికొచ్చి, "అన్నా, ఓనరు అడిగితే ఏం చెప్దాం?" అని నవ్వాడు. జవాబు రాకపోతే కోపంలో ఉన్నాడనుకుని వెళ్లిపోయాడు.

నేను దిగలేదు. బిడ్డకు పాలిస్తున్నాను. అన్న కూడా దిగలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి. కళ్లు తెరిచి రోడ్డునే చూస్తున్నాడు. "కాసిని నీళ్లు తాగన్నా" అన్నాను. ఒక ఈగ వచ్చి అతని కంటి కొసన వాలింది. తోలుకోలేదు. నేనే పైట చెంగుతో తోలాను. అది మళ్లీ అక్కడే వాలింది.

అప్పుడైనా నాకు తట్టాల్సింది. తట్టలేదు. మనిషి అంతగా అలిసిపోయాడు, ఈగను తోలే ఓపిక కూడా లేదు అనుకున్నాను. నా మీద నాకున్న కోపం అది.

పది నిమిషాలకు అందరూ ఎక్కారు. మస్తాను "రైట్ రైట్" అన్నాడు. ఇంజను అందుకుంది. అన్న ఎడం చెయ్యి స్టీరింగు వదిలి, కిందికి దిగి, గేరు వేసి, మళ్లీ స్టీరింగు మీదికి పోయింది. ఆ చేతికి ఇత్తడి ఉంగరం ఉండేది. అది గేరు కర్ర గుండుకు తగిలి టక్‌మంది. చూశాను, విన్నాను కూడా. పట్టపగలు, మూరెడు దూరం.

మలుపు తిరిగాం. కొండ దిగాం. కింద గేటు ముందు బస్సు ఎడమ పక్కకు ఒదిగి ఆగింది. హ్యాండ్ బ్రేకు లాగి ఉంది. ఇంజను ఆగింది.

గేటు ముసలాయన పుస్తకం పట్టుకుని వచ్చాడు. "పెంచలయ్యా, సంతకం," అన్నాడు. రెండుసార్లు అన్నాడు. కిటికీలో చెయ్యి పెట్టి భుజం తట్టాడు. పుస్తకం కింద పడేసి, "అల్లా!" అని వెనక్కి తగ్గాడు.

అంత ఎండలో మా అన్న ఒళ్లు చల్లగా ఉంది. దవడ బిగుసుకుపోయింది. కిందికి దించుదామంటే చేతులు స్టీరింగును వదల్లేదు. మస్తాను, ఇంకో ఇద్దరు మగవాళ్లు కలిసి ఒక్కొక్క వేలే విడదీయాల్సి వచ్చింది. కుడిచేతివి, ఎడంచేతివి కూడా. ఆ ఎడంచేతినే నేను కాసేపటి క్రితం గేరు మీద చూశాను.

చీటీ చూశారు. పైగేటు నుంచి కిందికి యాభై నిమిషాలు.

ఉదయగిరి ఆసుపత్రిలో డాక్టరు చూసి, "పైగేటు దాటగానే పోయి ఉండాలి," అన్నాడు. బస్సు అప్పుడింకా కొండ మీదే ఉందని మస్తాను చెబితే, ఇంకోసారి పరీక్షించి వచ్చాడు. "ఎండకు, అలసటకు శరీరం తొందరగా బిగుస్తుంది. అయినా మలుపు దగ్గరికి రాకముందే ప్రాణం పోయింది. నాకు తెలిసింది ఇదే," అని కాగితం మీద రాసి ఇచ్చాడు. మంచివాడే. చూసింది రాశాడు.

ఓనరు మూడో రోజు ఇంటికి వచ్చాడు. మీ అన్న ఎన్నాళ్లుగా నిద్ర లేకుండా తోలుతున్నాడని అడగలేదు. అన్నం తిన్నాడా అని అడగలేదు. "బస్సు సరిగ్గా అమ్మ ముందరే ఆగిందంట గదా?" అని అడిగాడు. అదొక్కటే అడిగాడు.

వారం తిరిగేసరికి బస్సుకు పూలదండలు, పసుపు, కుంకుమ. ముందు అద్దం పైన మలుపమ్మ పేరు రాయించాడు. డ్రైవరు చచ్చిపోతే అమ్మే దిగొచ్చి బస్సు తోలిందని ఊరూరా పాకింది. ఆడవాళ్లు చక్రాలు తాకి కళ్లకు అద్దుకునేవాళ్లు. అవతలాయన బస్సు ఖాళీగా పోతే, ఇందులో టాపు మీద కూడా చోటు లేదు. కొత్త డ్రైవరు మళ్లీ ఇరవై అయిదు నిమిషాల్లోనే దింపేవాడు. మలుపు రాగానే జనం ముందుకన్నా ఎక్కువగా లోయ వైపు ఒరిగేవాళ్లు. అమ్మ ఉంది కదా, భయమేముంది?

మా అన్న చచ్చింది ఆ పరుగు ఆపాలని. అతని చావునే ఆ పరుగుకు పెట్రోలుగా పోశారు.

మిగిలిన డ్రైవర్లు మళ్లీ అర్జీ పెట్టారు. ఈసారి విచారణ ఆత్మకూరులో. అదే ఆఫీసరు. సాక్షిగా నన్ను పిలిపించారు. బయలుదేరేటప్పుడు మా అమ్మ, "ఉన్నది ఉన్నట్టు చెప్పు. మలుపమ్మతో పెట్టుకోబాక," అంది.

మా వదిన నాతో గడప దాటి వచ్చింది. మొగుడు పోయాక ఆమె గట్టిగా మాట్లాడింది ఆ రోజే. "నువ్వేం చూసినావో నాకు చెప్పబాక రమణా. ఆయన అడిగిన రూలు వస్తాదా రాదా, అది చూడు."

విచారణలో ఓనరు చేతులు కట్టుకుని భక్తిగా మాట్లాడాడు. "దొరా, డాక్టరు కాగితం చూడండి. చచ్చినోడి చేతిలో బస్సు సగం కొండ దిగింది, ఒక్కరికి గోరు కూడా చిట్లలేదు. అంతా అమ్మ కాపలా. ఇంక మైళ్ల రూలెందుకు, ఆపే రూలెందుకు? పడిన బస్సేది?"

జనం చప్పట్లు కొట్టారు. మస్తానును అడిగితే, "మలుపు కాడ అన్న పలకలేదు సార్. ఉండాడో లేడో నాకు తెలవదు," అన్నాడు. తర్వాత నేను.

"నువ్వు ముందు సీటులో ఉన్నావు కదమ్మా. మీ అన్న ఎక్కడ పోయాడు?"

నాకు అంతా కళ్ల ముందు ఉంది. ఎక్కిలి, ఈగ, ఎడం చెయ్యి. చూసింది చూసినట్టు చెబితే ఓనరు నన్నే తీసుకెళ్లి ఆ బస్సులో కూర్చోబెట్టి హారతి ఇస్తాడు. మా అన్న అడిగింది గాలికి పోతుంది. ఇంకో మూడు రోజుల నిద్రలేమితో ఇంకో డ్రైవరు, ఇంకో నలభై మంది. అది నాకు బాగా తెలుసు.

"బతికే ఉండాడు దొరా," అన్నాను. "కొండంతా ఆయనే తోలినాడు. పదైదు మైళ్లల్లోనే తోలినాడు. మలుపు కాడ పది నిమిషాలు ఆపినాడు. కిందికొచ్చి బ్రేకు లాగి, అప్పుడు పొయ్యినాడు. మూడు దినాలు నిద్ర లేకుండా తోలించినారు. అందుకు పొయ్యినాడు. బస్సు పడలేదంటే ఆయన నిదానంగా తోలబట్టే."

ఓనరు ఎగిరి పడ్డాడు. "బిడ్డని ఒళ్లో పెట్టుకోని అబద్ధం చెప్తుండావే! డాక్టరు తప్పు రాసినాడా?"

"డాక్టరు బస్సులో లేడు. నువ్వూ లేవు," అన్నాను. ఆయన్ని నువ్వు అన్నది అదే మొదటిసారి.

ఆఫీసరు నన్ను బిడ్డ మీద ప్రమాణం చేయమన్నాడు. చేశాను. గేటు చీటీ అడిగి తెప్పించుకుని, దాన్ని చాలాసేపు చూశాడు. "యాభై నిమిషాలు," అని తనలో తనే అనుకున్నాడు. ఈసారి ఫైలు కట్టలేదు. రాసుకున్నాడు.

కొన్ని నెలలకు పైగేటు దగ్గర బోర్డు పెట్టారు. పదిహేను మైళ్లు. మలుపు దగ్గర పది నిమిషాలు తప్పనిసరిగా ఆపాలి. ఒక డ్రైవరుకు రోజుకు ఒకసారే కొండ. అన్న నోటి నుంచి వచ్చిన మూడు మాటలే. కింద అతని పేరు ఎవరూ రాయలేదనుకో.

వీధిలో ఆడవాళ్లు నన్ను చూసి మొహం తిప్పుకున్నారు. అమ్మ మహిమను మింగేసిన దాన్నన్నారు. మా అమ్మ ఆరు నెలలు నాతో మాట్లాడలేదు. నేనూ ఒకరోజు బస్సు దిగి, ఆ పసుపు రాయి ముందు నిలబడి అడిగేశాను. బస్సంతటినీ పట్టుకోగలిగిన దానివి, మూడు రోజుల ముందు ఆ ఓనరు చెయ్యి పట్టుకోలేకపోయావా అని. టెంకాయ కొట్టకుండానే వచ్చి బస్సెక్కాను.

దేవతో, దెయ్యమో అంటే నేను ఒప్పుకోను. ఆ రోజు స్టీరింగు దగ్గర ఇంకెవరూ లేరు. డాక్టరు పొరపాటు పడ్డాడందామా, ఆ వేళ్లు విడదీయడం నేను చూశాను. డాక్టరు మాటే నిజమందామా, మరి మలుపు దగ్గర గేరు వేసింది ఎవరు? ఎటు నుంచి పట్టుకున్నా ఇంకో కొస జారిపోతుంది.

ఆఫీసరు ముందు అబద్ధం చెబుతున్నాననుకునే చెప్పాను. కన్నబిడ్డ మీద ఒట్టేసి మరీ చెప్పాను. అది నిజంగా అబద్ధమేనా అన్నది మాత్రం ఇంత వయసొచ్చినా నాకు తెలియలేదు.